అంతోనివారిని సగమే చదివాను

అంతోనివారంటే మా వైపు చాలామందికి గుర్తొచ్చేది మంగళవారం ప్రార్థనలందుకునే పాదువా అంతోనివారు. నాకు పిచ్చెక్కించింది ఆయన కాదు, ఆయనకు తొమ్మిది వందల ఏళ్ళ పైచిలుకు ముందు పుట్టిన ఈజిప్టు అంతోని. తల్లిదండ్రులు పోయాక, పద్దెనిమిది ఇరవయ్యేళ్ళ వయసులో గుడికి వెళ్తే, ఉన్నదంతా అమ్మి బీదలకు ఇమ్మన్న ప్రభువు మాట చదువుతున్నారట. తనకే చెప్పినట్టనిపించి, 200 ఎకరాల దాకా ఉన్న మంచి భూమిని ఊరివాళ్ళకు ఇచ్చేశాడు. ఆ తర్వాత ఎడారి, ఏకాంతం, దయ్యాలతో పోరు. 356లో కన్నుమూశాడు. అప్పటికి నూట అయిదేళ్ళని అతని జీవితకథలో అతనాసియస్ రాశాడు.

నాకు 200 ఎకరాలు ఎక్కడివి? పుంగనూరు దగ్గర గుత్తకు తీసుకున్న టమోటా తోట ఉంది. పండు ఎర్రబడుతున్న వారంలోనే నాకూ పిలుపు వచ్చింది. ‘కోత నువ్వు చూసుకోమ్మా’ అని అమ్మతో చెప్పి, ఫోను ఆపేసి హార్స్‌లీ హిల్స్ ఎక్కాను. గుహ దొరకలేదు, గది అద్దెకు తీసుకున్నాను. దయ్యాలూ రాలేదు, కోతులొచ్చాయి. ఉపవాసం విడిచేందుకు దాచుకున్న బన్నులు ఎత్తుకుపోయాయి. సాతాను శోధన అనుకుని ఇంకో గంట మోకరించాను!

కింద జరిగింది వేరు. కూలీలు దొరక్క కోత ఆలస్యమైంది. మదనపల్లె మండీకి పెట్టెలు చేరేసరికి అడుగు వరుసల్లోని పండ్లు చితికి నీళ్ళు కారుతున్నాయి. కుప్పంలో నర్సింగ్ చదువుతున్న చెల్లెలు ఫీజు గడువని ఫోను మీద ఫోను చేసింది. చివరికి అమ్మ కమ్మలు కుదువపెట్టి కట్టింది. నేను కొండ దిగి, ముఖాన భక్తి పూసుకుని ఇంట్లో అడుగుపెట్టాను.

సెలవులకు వచ్చిన చెల్లెలు నేను చదివిన ఆ అంతోని జీవితకథ తిరగేసి అడిగింది. "అన్నా, ఆయన చెల్లెల్ని నమ్మకమైన కన్యకల దగ్గర అప్పజెప్పినాకనే గదా పోయింది? నీ పుస్తకంలో ఆ పేజీ అతుక్కోని ఉన్నిందా?"

అతుక్కోలేదు. దయ్యాల కథ కోసం గబగబా దాటేశాను. పని చేయనివాడు తినకూడదన్న లేఖనం విని అంతోని తన చేతులతో కష్టపడ్డాడనీ, తన రొట్టెకు పోను మిగిలింది బీదలకు ఇచ్చాడనీ ఆ పక్కనే ఉంది. దాన్నీ దాటేశాను.

అంతోనిలాంటి ఎడారి తండ్రుల మాటల సంకలనంలో ఇంకొకటుంది. నీకు సమానుడొకడు పట్నంలో ఉన్నాడని అంతోనికి దేవుడు బయలుపరిచాడట. ఎవరా అంటే ఒక వైద్యుడు. తన అవసరానికి మించింది బీదలకిస్తూ, రోజూ దూతలతో కలిసి స్తుతి పాడేవాడట. మదనపల్లె వాడికి ఇది అర్థం కావడానికి కొండ ఎక్కాలా? ఊరి పక్కనే ఆరోగ్యవరం ఆసుపత్రి. డెన్మార్క్ డాక్టరు ఫ్రిమోడ్ట్ మోలర్ కాలం నుంచి, అంటే 1915 నుంచి, అక్కడ క్షయ రోగుల్ని చూశారు. ఇంట్లోవాళ్ళే దగ్గరకు రావడానికి జంకే రోగం అది. దేశంలో బీసీజీ టీకా మొదట వేసింది కూడా మదనపల్లెలోనే, 1948లో. రేపు నా చెల్లెలు చేయబోయేదీ అలాంటి పనే. ఆ చదువు ఫీజు ఎగ్గొట్టి నేను సాధువును కాబోయాను.

ఏకాంతం తప్పని అనను. అంతోని వెళ్ళాడు, వెళ్ళదగినవాడు. నేను మాత్రం కోత కష్టం నుంచి పారిపోయి దానికి ఉపవాసమని పేరు పెట్టుకున్నాను. అమ్మ కమ్మలు ఇంకా కుదువలోనే ఉన్నాయి.