ఇంటిబడి సర్దార్

గోదావరిఖని కంపెనీ క్వార్టర్లలో అరుదుగా కనిపించే తండ్రి రకం ఇంటిబడి సర్దార్. బడికి పంపితే బిడ్డ చెడిపోతుందని కాదు, ఆగిపోతుందని ఇతని భయం. సాధారణంగా బొగ్గుబాయిలోనూ సర్దారే. జనరల్ మజ్దూరుగా దిగి, ఏళ్ళ అనుభవం చూపించి, గనుల భద్రత చూసే డీజీఎంఎస్ పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు. తన బతుకులో ఒక్క మెట్టూ దూకని మనిషి బిడ్డ చదువుకు మాత్రం మెట్లే వద్దంటాడు.

ఇతన్ని పోల్చుకోవడం తేలిక. "మీ బిడ్డ ఎన్నో తరగతే?" అని అడిగితే మామూలు తండ్రి ఒక అంకె చెప్పి ఊరుకుంటాడు. ఇతను కుర్చీ లాక్కుంటాడు. "లెక్కల్ల ఎనిమిది, సైన్సుల తొమ్మిదికి దగ్గర, ఇంగ్లిష్ ఆరున్నర..." ఈ అరలూ పావులూ ఏ బోర్డులోనూ ఉండవు. అడిగినవాడు మొదటి షిఫ్టుకు పోతున్నవాడైతే ఆ రోజు మస్టరు పోయినట్టే.

చొక్కా జేబులో పేపర్ కటింగులుంటాయి. హైదరాబాద్‌లో ఇంటి దగ్గరే చదువుకుని 8 ఏళ్ళకు పదో తరగతి పాసైన టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్. 9 ఏళ్ళకే పది దాటిన ఆమె తమ్ముడు అగస్త్య. 1995లో, 17 ఏళ్ళకే అమెరికాలో డాక్టరైన అంబటి బాలమురళి. లోకానికి వీళ్ళు మేధావులు, ఇతనికి గడువు తేదీలు. "నైనాది దాటిపోయింది. అగస్త్యది ఇంక ఏడు నెలలున్నది" అంటాడు భార్యతో, ఎల్ఐసీ కిస్తీ గుర్తుచేసినట్టు.

బిడ్డ ఏ తరగతికి తగినదో తేల్చే పద్ధతి బాయి నుంచి తెచ్చుకున్నదే. పని మొదలయ్యే ముందు సర్దార్ కర్రతో పైకప్పు కొట్టి చూస్తాడు. ఖంగుమంటే గట్టి. డొల్లగా మోగితే బండ లూజు, దాని కింద ఎవరూ నిలబడరాదు. నైట్ షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చాక ఆ కర్ర ప్రశ్నగా మారుతుంది. ఎనిమిదో తరగతి లెక్క ఒకటి వేస్తాడు, ఖంగుమంటుంది. తొమ్మిదోది వేస్తాడు, ఖంగుమంటుంది. తిరకాసంతా ఇక్కడే. బాయిలో లూజు ఎక్కడుందా అని కొడతాడు, ఇంట్లో ఖంగు ఎక్కడ వస్తుందా అని కొడతాడు. ఒకసారి ఖంగుమన్నచోటే మళ్ళీ మళ్ళీ కొడతాడు.

ఒక మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్‌కు స్టాండులో గ్లాసులు గలగలమంటాయి. తొమ్మిదేళ్ళ పిల్ల నేల అదిరినప్పటి నుంచి చప్పుడు వినబడేదాకా వేళ్ళు ముడుస్తుంది. ఆరు. "రెండు కిలోమీటర్ల దూరముంటది నాన్నా" అంటుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుందని ఎక్కడో చదివింది. నేలలో అదురు దానికన్నా ఎన్నో రెట్లు వేగంగా వస్తుంది కాబట్టి లెక్క ఇంచుమించు సరైనదే. సాయంత్రానికల్లా పిల్ల తొమ్మిదో తరగతిలో ఉంటుంది. రాత్రి తల్లి నోట్‌బుక్ తెరిచి బొగ్గు అని రాయమంటుంది. బొగు అని రాస్తుంది. "ఒత్తు ఏదే?" అంటే, "ఒత్తు కిందుంటది గదమ్మా, ఇంక తియ్యలే" అని జవాబు.

రామగుండం బెల్టులో బొగ్గు సీములుగా, అంటే పొరలుగా ఉంటుంది. పైన ఒకటో సీము, అట్టడుగున నాలుగోది. తీసేటప్పుడు మామూలుగా పైనుంచి కిందికి వస్తారు. ముందే అడుగుది తీసి కప్పు కూల్చితే పై సీము పగులుతుంది. కొత్తగా వచ్చిన ట్రైనీలకు ఈ సంగతి గంటసేపు వివరించేవాడు ఇంటికొచ్చి బిడ్డను నేరుగా నాలుగో సీములో దింపుతాడు.

అలాగని ఇతని బాధ వట్టిది కాదు. పీరియడంతా చేయాల్సిన లెక్కల్ని రెండు నిమిషాల్లో ముగించి గోడ చూస్తూ కూచునే పిల్లకు నాలుగో తరగతి బెంచీ శిక్షే. చిక్కల్లా అన్నిటికీ కలిపి ఒకే అంకె వెతకడంలో ఉంది. భార్య ఎప్పుడో తేల్చేసింది: లెక్కలకు తొమ్మిదో తరగతి పుస్తకం, తెలుగుకు రెండోది, కుంటుడుబిళ్ళకు తన ఈడు పిల్లలు. ఆమె మాటను సర్దార్ రికార్డులోకి ఎక్కించడు. ఆమె దగ్గర కర్ర లేదు మరి.

ఇక బడులూ బోర్డులూ. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, చేర్చుకునేటప్పుడు పరీక్ష పెట్టరాదు. బడి మానేసిన పిల్లల కోసం రాసుకున్న నియమమది. ఇతని ముందు మాత్రం గేటులా నిలబడుతుంది. "తొమ్మిదేండ్లా? నాలుగు" అంటాడు హెడ్మాస్టరు తల ఎత్తకుండా. నవోదయ ఆరో తరగతికి రాయాలంటే గుర్తింపు ఉన్న బడిలో ఐదు చదువుతూ ఉండాలి. ఓపెన్ స్కూల్ పదికి 14 ఏళ్ళు నిండాలి. వయసు అడగనిది నైనా రాసిన కేంబ్రిడ్జి పరీక్ష. దాని ఫీజు చూసి దసరాకు వచ్చే లాభాల వాటా, దీపావళి బోనసు కలిపి కూడతాడు, తర్వాత కొన్నాళ్ళు ఆ ఊసెత్తడు.

ఒకవేళ దూకినా అవతల గోడలున్నాయి. ఇంజినీరింగ్ ఎప్‌సెట్‌కు 16, నీట్‌కు 17. పన్నెండేళ్ళకు ఇంటర్ ముగించిన పిల్ల డాక్టరీ గేటు దగ్గర ఐదేళ్ళు కూచోవాలి. బాయిలోకైతే 18 నిండందే పంపరు. ఇది మాత్రం ఇతను తప్పకుండా పాటించే నియమం. ఎవరి కుర్రాడినైనా ముందే దింపుదామంటే చట్టం ఏమంటున్నదని నిలదీస్తాడు.

కాబట్టి చివరికి ఫారం వస్తుంది. తరగతి అన్న గడిని ఇన్నేళ్ళూ పెన్సిల్‌తోనే నింపి, చెరిపి, నింపినవాడు, బిడ్డకు 14 నిండిన ఏడు ఓపెన్ స్కూల్ దరఖాస్తులో మొదటిసారి పెన్నుతో పది అని రాస్తాడు. ఆమె ఈడు పిల్లలంతా బడుల్లో ఆ దరిదాపులకే చేరి ఉంటారు. పరీక్ష రోజు గేటు బయట వేపచెట్టు కింద రకరకాల వయసుల వాళ్ళుంటారు. ప్రమోషన్ కోసం పది పాసవ్వాల్సిన నలభై ఏళ్ళ మజ్దూరొకడు పుస్తకం తిరగేస్తూ పిల్ల వైపు వంగుతాడు.

"బిడ్డా, బొగ్గుకు ఒత్తుంటదా?"

"ఉంటది కాకా. కిందుంటది."