సెలెక్టర్ సాబ్

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో, ముంబై హైవే నుంచి సంగారెడ్డి ఊళ్లోకి రోడ్డు చీలే చోట, జనరల్ షిఫ్టు బస్సులు ఖాళీ అయ్యే వేళకు భారత క్రికెట్ సెలెక్షన్ కమిటీ కూర్చుంటుంది. బోర్డువాళ్ల కమిటీలో ఐదుగురే. ఇక్కడ చాయ్ గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ సభ్యుడే. చైర్మన్ మాత్రం ఒక్కరే. ఆయన్ని అందరూ సెలెక్టర్ సాబ్ అంటారు. ఆ పదవిలో ఉన్నవాళ్లు రామచంద్రాపురం నుంచి సదాశివపేట దాకా స్టాపుకొకరు దొరుకుతారు కాబట్టి, ఇది తమ గురించే రాశారని ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

ఆనవాళ్లు చెప్తాను. యాభై దాటిన మనిషి. నీలం యూనిఫాం, జేబులో టెస్టర్. ఫిట్టరో, బాయిలర్ ఆపరేటరో అయి ఉంటారు. పర్మనెంట్ అన్న సంగతి నడకలోనే తెలుస్తుంది. చివరిసారి బ్యాటు పట్టింది పెళ్లికి ముందు. చాయ్ డబ్బులు ఖాతాలో రాయిస్తారు, తీర్పులు మాత్రం ఎప్పటికప్పుడు నగదే. ఎవరు ఏం మాట్లాడినా ఆయన జవాబు "గట్ల గాదు బిడ్డా" అనే మొదలవుతుంది. ఆయన మాటనే తిరిగి ఆయనకు చెప్పినా అంతే.

2025 ఎండాకాలమంతా కమిటీ ముందున్న ఫైలు ఒక్కటే: నితీష్ కుమార్ రెడ్డి. విశాఖపట్నం కుర్రాడు, పుట్టింది 2003లో. 2023 ఐపీఎల్ సీజన్‌కు సన్‌రైజర్స్ 20 లక్షలకు తీసుకుంది. 2024లో 13 మ్యాచుల్లో 303 పరుగులు కొట్టి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తెచ్చుకున్నాడు. దాంతో 6 కోట్లిచ్చి అట్టిపెట్టుకున్నారు. మరుసటి సీజన్లో అవే 13 మ్యాచులు, పరుగులు మాత్రం 182. అంతకుముందే పక్క కండరం పట్టేసింది, బౌలింగ్ కూడా పెద్దగా చేతికివ్వలేదు.

హైదరాబాద్‌లో ఇలాంటి కుర్రాడి గురించి మాట్లాడేవాళ్లు ఫుట్‌వర్క్ అంటారు, షార్ట్ బాల్ అంటారు. మన చౌరస్తాలో ఆ భాష నడవదు. ఇక్కడ లెక్క కాస్టింగ్ డిపార్ట్‌మెంటు లెక్క. సెలెక్టర్ సాబ్ సిగరెట్ పెట్టె మీదే తేల్చేశారు.

"20 లక్షలకు 303 రన్లు. అంటే రన్నుకు ఆరువేల ఆరువందలు. ఈసారి 6 కోట్లకు 182. రన్నుకు మూడు లక్షల ముప్పై వేలు. మిషిన్ గదే, ఆపరేటర్ గదే, కాస్టు యాబై రెట్లు. ఏ కంపెనీ నడుస్తది బిడ్డా గిట్ల?"

లెక్క తప్పు పట్టడానికి కందిలోని ఐఐటీ పిల్లలు ఇద్దరు ఫోన్లు తీశారు. భాగహారం సరిగ్గానే ఉంది. పాపం, అయినా ఊరుకోకుండా నాలుగో నంబరులో దిగేవాడికి స్ట్రైక్ రేటు 118 ఎందుకు చాలదో గ్రాఫు వేసి చూపించబోయారు. అంటే ఆయన వైపే వాదించబోయారు. "గట్ల గాదు బిడ్డా," అన్నారాయన. "మీరు ఫోన్ జూస్తున్రు, నేను పోరని మొకం జూస్తున్న. మొకంల ప్రొడక్షన్ లేదు."

బెంచీ చివర కూర్చునే బీహారీ హెల్పర్‌ది వేరే పార్టీ. పట్నాలో పుట్టిన ఇషాన్ కిషన్‌ను సన్‌రైజర్స్ 11 కోట్ల 25 లక్షలకు కొంది. తొలి మ్యాచులోనే ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 106 నాటౌట్. ఆ తర్వాత వారాల తరబడి మౌనవ్రతం. నితీష్‌ను తీసెయ్యాలన్న మాట వచ్చినప్పుడల్లా హెల్పర్‌కు తనవాడి మెడ గుర్తొస్తుంది. "ఏక్ మ్యాచ్ ఔర్ దేఖో, చాచా," అంటాడు చేతులు జోడించినంత పనిచేసి. "నీ వోనికి నోటీస్ పీరియడ్ నడుస్తుంది, నువ్వు మాట్లాడకు," అంటారు సాబ్.

మొదటి నుంచీ ఇదే వరస. కొత్త కుర్రాడు రాగానే ట్రైనీ. రెండు మ్యాచులు ఆడితే ప్రొబేషన్. సెంచరీ కొడితే కన్ఫర్మేషన్ లెటర్. మూడుసార్లు వరసగా అవుటైతే షోకాజ్. గాయమైతే మాత్రం సాబ్ కొంచెం మెత్తబడతారు, ఈఎస్‌ఐ ఆస్పత్రిలో క్యూ కట్టిన అనుభవం ఉంది కాబట్టి. తమ జీవితంలో ఇంకొకరి చేతిలో ఉన్న కాగితాలన్నీ ఆ అరగంట తమ చేతికి వస్తాయి. పొద్దంతా సంతకాల కోసం నిలబడ్డవాళ్లకు సాయంత్రం సంతకం పెట్టే సుఖం అది. చాయ్ ధరకు అంత దర్జా ఇంకెక్కడా రాదు.

అలాంటి చౌరస్తాలో నితీష్ కథలో అందరినీ కదిలించిన ఘట్టం మెల్‌బోర్న్ సెంచరీ అనుకుంటే పొరపాటే. ఆ కుర్రాడి నాన్న ముత్యాల రెడ్డి హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగి. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్‌కు బదిలీ చేస్తే, కొడుకు ఆట ఆగిపోతుందని ఉద్యోగమే వదిలేశాడు. ఎవరో పేపర్లో చూసి ఈ సంగతి చదివినప్పుడు బెంచీ మీద గ్లాసులు ఆగిపోయాయి.

"పర్మనెంటా?" అన్నారు సెలెక్టర్ సాబ్.

"పర్మనెంటే."

"పీఎఫ్, గ్రాట్యుటీ అన్ని ఉండంగనే?"

"అన్నీ ఉండంగనే."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఒకప్పుడు తనను పాశమైలారం ప్లాంటుకు మారుస్తామంటే యూనియన్ ఆఫీసు గడప అరిగేదాకా తిరిగి ఆపించుకున్న మనిషి. ఉదయ్‌పూర్ ఊహకు కూడా అందలేదు. చివరికి, "పోరనికి సెంచరీ జేసుడు పెద్ద ముచ్చట గాదు. తండ్రిది పెద్ద ముచ్చట," అని తీర్పిచ్చారు. ఆయన ఇచ్చిన తీర్పుల్లో ఇప్పటిదాకా మారనిది అదొక్కటే.

మెల్‌బోర్న్ విషయంలో సాబ్ వైఖరి మొదటి నుంచీ వేరు. 2024 డిసెంబర్ 28న ఎనిమిదో నంబరులో దిగిన కుర్రాడు సెంచరీ అంచున ఉండగా బుమ్రా అవుటయ్యాడు. చివరి బ్యాటర్‌గా వచ్చిన సిరాజ్ కమిన్స్ వేసిన మూడు బంతులు ఆపాడు. తర్వాతి ఓవర్లో నితీష్ ఫోర్ కొట్టి సెంచరీ పూర్తి చేశాడు, చివరికి 114. స్టాండ్స్‌లో తండ్రి ఏడుస్తుంటే దేశమంతా కళ్లు తుడుచుకుంది. సాబ్ తుడుచుకోలేదు. "సెంచరీ మన సిరాజ్‌ది. ఆ పోరడు సంతకం వెట్టిండు, గంతే." అర్ధసెంచరీ దగ్గర చేసిన పుష్ప సైగ మీద కూడా ఆయనకు అభ్యంతరం ఉంది. గడ్డం కింద చెయ్యి తిప్పే శక్తి కట్ షాటుకు దాచుకోవాలట.

కుర్రాడి ఊరు విషయంలో మాత్రం చౌరస్తాకు సౌకర్యమైన పద్ధతి ఉంది. కొడితే మన తెలుగోడు. అవుటైతే వైజాగోడు. తిలక్ వర్మకు ఈ ఇబ్బంది లేదు. లింగంపల్లి అకాడమీలో ఆట నేర్చిన పిల్లాడు కాబట్టి, అక్కణ్ణుంచి సంగారెడ్డి దాకా బస్సెక్కిన ప్రతివాడూ అతణ్ణి చిన్నప్పుడు చూసినవాడే. అతడు ఆడేది ముంబైకి కదా అంటే, "మన పోరగాండ్లు ఓటీకి పుణె పోతలేరా?" అని ఎదురు ప్రశ్న.

ఇక జ్ఞాపకశక్తి. అజారుద్దీన్ మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టాడన్నది ఆయన చేతిలో గజం బద్ద. ఏ కుర్రాణ్ణి కొలిచినా దానితోనే. 1996లో టెస్టుల్లోకి వచ్చిన లక్ష్మణ్‌కు మొదటి సెంచరీ 2000 జనవరిలో సిడ్నీలో గానీ రాలేదని ఐఐటీ పిల్లలు గుర్తుచేస్తే, "లక్ష్మణ్‌ది వేరే కేసు," అంటారు. ఎందుకు వేరేనో చెప్పరు. 2024 జూలై 6న జింబాబ్వేలో అభిషేక్ శర్మ తొలి టీ20లో సున్నాకు అవుటైన సాయంత్రం, "ఈనితోని అయ్యే పని గాదు, ఐపీఎల్ సరుకు," అని ఫైలు మూసేశారు. మర్నాడు ఆదివారం అదే అభిషేక్ 47 బంతుల్లో 100 పరుగులు. సోమవారం బస్సు దిగుతూనే సాబ్ తొలి మాట: "నిన్ననే జెప్పిన గదరా!" నిన్న ఆదివారం, ఆయన చౌరస్తాకే రాలేదు. అయినా ఎవరూ ఎదురు చెప్పలేదు. సాక్ష్యం లేని చోట ధైర్యానిదే గెలుపు.

మ్యాచు చూడటానికి ఉప్పల్ ఎందుకు పోరంటే, ఒకసారి పోయారు. బస్సులో మియాపూర్, మెట్రోలో అమీర్‌పేట, అక్కడ రైలు మారి స్టేడియం. "పై స్టాండ్ల కూసున్న. బ్యాట్ కనవడది, బాల్ కనవడది. టికెట్ మీద రేటు మాత్రం మంచిగ కనవడ్డది." అప్పట్నుంచి హోటల్ టీవీయే ఆయన ఉప్పల్.

2025 సీజన్లోనే ఒక రాత్రి కాంట్రాక్టు కుర్రాడొకడు నోరు విప్పాడు. ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాడు, ఎప్పుడూ వినేవాడే. "కాకా, ఒక్క సీజన్ ఆడకపోతే తీసెయ్యాల్నా? నేను నాలుగేండ్ల సంది రోజు ఆడుతున్న, నన్నెవ్వరు రిటైన్ జెయ్యలే."

"నీ ఫ్రాంచైజీ వేరు బిడ్డా," అన్నారు సాబ్. "పదకొండు నెలలకోపారి రిలీజ్ జేస్తది, మల్ల వేలంల కొంటది."

"ఎంతకు?"

"బేస్ ప్రైస్‌కే."

బెంచీ అంతా నవ్వింది. కుర్రాడూ నవ్వాడు గానీ, అందరికంటే ముందే ఆపేశాడు. సాబ్ ఆ రోజు అతని చాయ్ కూడా తన ఖాతాలోనే రాయించారు.

ఇంతా చేసి, నితీష్ బ్యాటింగుకు దిగితే సెలెక్టర్ సాబ్ టీవీ ముందు ఉండరు. "గాలి ఆడ్తలేదు," అని లేచి రోడ్డు పక్కకు పోయి, లారీల వైపు మొహం పెట్టి నిలబడతారు. లోపల కేక వినిపిస్తే ఫోరు, "అయ్యో" వినిపిస్తే వికెట్టు. రెండో శబ్దం విన్నాకే లోపలికొచ్చి, "నేను అనుకున్న," అంటారు. అనుకున్నదేమిటో ఆ వీపును చూసినవాళ్లకు తెలుసు.

2025 జూలై 10న లార్డ్స్‌లో ఇంగ్లండ్ ఓపెనర్లు డకెట్, క్రాలీ ఇద్దరినీ నితీష్ ఒకే ఓవర్లో అవుట్ చేశాడు. "బౌలింగ్ ఇయ్యున్రి, బౌలింగ్ ఇయ్యున్రి అని ఎండాకాలం సంది మొత్తుకుంటున్న," అన్నారు సాబ్. బెంచీ ఒకరి మొహాలొకరు చూసుకుంది. కొన్నాళ్లకే మోకాలు దెబ్బతిని కుర్రాడు మిగతా సిరీస్‌కు దూరమయ్యాడు. "మెయింటెనెన్స్ లేదు," అన్నారు బాధగా.

నవంబర్ 15న ఫ్రాంచైజీలు అట్టిపెట్టుకున్నవాళ్ల జాబితాలు వచ్చాయి. షమీ సన్‌రైజర్స్ నుంచి లక్నోకు పోయాడు. నితీష్ ఉన్నాడు, ఇషాన్ కిషన్ ఉన్నాడు. బీహారీ హెల్పర్ అందరికీ సమోసాలు తెప్పించాడు. సెలెక్టర్ సాబ్ కాలు మీద కాలేసుకుని, తన సిఫార్సును యాజమాన్యం మన్నించినందుకు తృప్తిగా తల ఊపారు. "నేను ముందే అన్న, ఆ పోరణ్ణి రిటైన్ జెయ్యాలె అని."

గల్లా దగ్గరి హోటలాయన గీతల నోటుబుక్కు తీసి, వేలు తడి చేసుకుని ఒక పేజీ తిప్పాడు. "రిటెన్షన్ లిస్టు నా దగ్గర గూడ ఉన్నది సాబ్. మార్చి నెల సంది మీ పేరే ఉన్నది."

ఆయన ఆ పేజీని జట్టు కూర్పు పరిశీలించినంత శ్రద్ధగా చూసి, కళ్లద్దాలు జేబులో పెట్టుకున్నారు.

"గట్ల గాదు బిడ్డా," అన్నారు. "నన్ను రిలీజ్ జెయ్యి."