గోడ మీద రాత అందరికీ ఒకటే

మా రోజుల్లో ప్రకటన గోడ మీద ఉండేది. గుంటూరులో ముప్పై అయిదేళ్లు నేను చేసిన పని అదే. గోడలకు సున్నం కొట్టించి రాతలు రాయించడం, సినిమాహాళ్లకు స్లైడ్లు చేయించడం, కరపత్రాలు అచ్చువేయించి పంచించడం, రిక్షాకు మైకు కట్టించి వీధులు తిప్పించడం. నేను రాయించిన గోడను ఆఫీసరూ చదివేవాడు, కూలికెళ్లే మనిషీ చదివేవాడు. ఇద్దరికీ అదే మాట, అదే ధర. చదివింది ఎవరో గోడకు తెలియదు, నాకూ తెలియదు.

మా ఆవిడ పోయి మూడేళ్లు దాటింది. ఆమె ఫోను నా దగ్గరే ఉంది, ఆ నంబరు తీసేయొద్దని పిల్లలు అన్నారు. ఒక శ్రావణంలో దానికి ఒక మెసేజ్ వచ్చింది. ఆమె పేరు పెట్టి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి, పట్టుచీరల మీద తగ్గింపు ఉంది రమ్మని పిలిచారు. ఎప్పుడో ఒక చీర కొన్నప్పుడు బిల్లు కౌంటరు దగ్గర కుర్రాడు నంబరూ పుట్టినరోజూ అడిగాడు. చెప్పకపోతే కంప్యూటరు బిల్లు తీసుకోదన్నాడు. ఆమె చెప్పింది. నేను రెండుసార్లు ఆ కొట్టుకు వెళ్లి, మనిషి లేదు, పేరు తీసేయండి అని అడిగాను. అది హెడ్డాఫీసులో ఉంటుంది, మా చేతుల్లో లేదండీ అన్నారు. మళ్లీ ఏడాదీ వచ్చింది.

పట్నం బజారులో మేము అరువుకు బట్టలు తెచ్చుకునే కొట్టాయనకు మా ఇంటి సంగతులు ఇంతకంటే ఎక్కువే తెలుసు. ఎవరి పెళ్లి ఎప్పుడు, ఎంత బాకీ, ఏ నెల జీతం ఆలస్యమైంది, అన్నీ. కానీ అవన్నీ ఆయన తలలోనూ, ఒక పద్దు పుస్తకంలోనూ ఉండేవి. పక్క కొట్టువాడు వెయ్యి రూపాయలిచ్చినా ఆ పుస్తకం విప్పేవాడు కాదు. మా అమ్మ పోయినప్పుడు పెద్దకర్మకు వచ్చి, భోజనం చేసి, ఆమె పేర ఉన్న చిన్న బాకీ కొట్టేశానని చెప్పి వెళ్లాడు. అమ్మ పేరుతో మా గుమ్మంలోకి మరో మాట రాలేదు.

మా కాలంలో మోసం లేదని అనను. గోడల నిండా సర్వరోగనివారిణులే. అందుకే 1954లోనే మందులు, మాయ చికిత్సల ప్రకటనల మీద కేంద్రం చట్టం తెచ్చింది. అయినా ఆ అబద్ధం పదిమంది ఎదుట ఉండేది. వేలు పెట్టి చూపించి, ఇదిగో వీడిలా రాశాడు అని నిలదీయొచ్చు. ఇప్పుడు నా ఫోనులో కనిపించింది నా పక్కింటాయనకు కనిపించదు. దేన్ని చూపించి నిలదీయాలి?

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో జనానికి ఊరికే పంచి అలవాటు చేశారని పెద్దలు చెప్పేవారు. తలనొప్పి ఎవరికుందో ఆయన ఎవరినీ అడగలేదు. సభకు వచ్చినవాళ్లందరికీ ఇచ్చారు. నా వృత్తికి మొదటి పాఠం అదేనని నేనెప్పుడూ అనుకునేవాణ్ని.

మా మనవడు హైదరాబాదులో డిజిటల్ మార్కెటింగ్ చేస్తాడు. ‘ఎవరికేం కావాలో తెలుసుకుని అదే చూపిస్తే తప్పేంటి తాతయ్యా?’ అంటాడు. లోపల జరిగేది వాడే వివరించాడు. మనం ఒక పేజీ తెరవగానే, అది పూర్తిగా కనిపించేలోపే, మన వయసు ఇంత, ఊరు ఇది, నిన్న వెతికింది ఫలానా అని చెప్పి మన చూపును వేలం వేస్తారట. ఎక్కువ పాడినవాడి ప్రకటన మన ముందుకొస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో వేలం చూస్తూ పెరిగినవాణ్ని నేను. అక్కడ మిర్చి టిక్కీ, అంటే బస్తా, పక్కన రైతు నిలబడి ఉండేవాడు. ఎవడు ఎంతకు పాడాడో వినేవాడు, గిట్టకపోతే అమ్మననేవాడు. ఈ వేలంలో సరుకు నేనే. పాట నాకు వినపడదు, వద్దనే వీలు లేదు. వాడికి ఇదే చెప్పాను. వాడు జవాబు చెప్పలేదు, ఆలోచిస్తానన్నాడు.

ఇన్నాళ్లకు మన వివరాల రక్షణకు ఒక చట్టం వచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఒకే మాటగా చెప్పారు. ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. వ్యాపారులు సర్దుకోవడానికి పద్దెనిమిది నెలలు గడువిచ్చారు కాబట్టి అసలు బాధ్యతలు 2027 మేలో మొదలవుతాయి. తీర్పు నుంచి అమలు దాకా దాదాపు పదేళ్లు. ఈలోగా ఎన్ని నంబర్లు ఎన్ని చేతులు మారాయో!

చట్టంలో మంచి ఉంది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. ఏం తీసుకుంటున్నారో, ఎందుకో తెలుగులో చెప్పమని అడగొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వెంటబడి, వాళ్ల అలవాట్లు చూసి ప్రకటనలు గురిపెట్టడం నిషేధం. డేటాను భద్రంగా ఉంచకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా. పోయాక మన తరఫున ఈ హక్కులు అడగడానికి ఒకరిని నామినీగా పెట్టుకోవచ్చు కూడా. ఆ మాట చదివినప్పుడు నాకు గొంతు పట్టుకుంది. మా ఆవిడ అలా ఎవరి పేరూ రాయలేదు. రాయాలని తెలిసే కాలం కాదది.

నాకు మింగుడుపడనివీ ఉన్నాయి. ఆ జరిమానా అంతా ఖజానాకు పోతుంది. వివరాలు బయటపడి నష్టపోయినవాడికి ఈ చట్టం కింద పరిహారం లేదు. దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో కేంద్రం తనకు కావలసిన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకోవచ్చు. వ్యాపారిని కట్టేసే తాడు సర్కారునూ కట్టాలి. అలా కట్టనిదాన్ని నేను సగం చట్టమనే అంటాను.

గడువుంది కదా అని మా ఊరి వ్యాపారులు నిమ్మళంగా ఉన్నారు. కొందరిని అడిగాను. అదంతా పెద్ద కంపెనీలకండీ అన్నారు. కాదు. బిల్లు కంప్యూటరులో నంబర్లు దాచే చీరల కొట్టుకూ అది వర్తిస్తుంది. పాత జాబితా ఉన్నవాళ్లు కూడా చట్టం అమల్లోకి రాగానే ఆ మనుషులకు కబురు చెప్పాలి, మీ వివరాలు మా దగ్గరున్నాయి, వద్దంటే చెప్పండి అని. పదేళ్ల నుంచి పోగేసిన నంబర్లలో ఏది ఎవరిదో, ఎందుకు తీసుకున్నారో మే నెలలో కూర్చుని వెతికితే దొరకదు. ఎవరిది, ఎప్పుడు, దేనికి అని మూడు గడులు గీసి ఇప్పుడే మొదలుపెట్టాలి. మూడో గడి ఖాళీగా ఉన్న నంబరును చెరిపేయాలి. నంబరు చెప్పందే బిల్లివ్వమని పట్టుబట్టొద్దని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణాలకు సూచించింది. దానికి గడువేమీ లేదు, ఈ సాయంత్రం నుంచే మానొచ్చు.

కొనేవాళ్లకూ ఒక మాట. కౌంటరు దగ్గర నంబరు అడిగితే ఎందుకని అడగండి. వెనకాల వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

చీరల కొట్టు అయ్యలారా, మీ జాబితాల్లో మా ఇంటావిడలాంటి పేర్లు చాలా ఉంటాయి. వచ్చే శ్రావణం లోపు వాటిని వెతికి తీసేయండి.