మూడు గంటలకు మూడు గంటలు

ఈమధ్య గని కార్మికుల క్వార్టర్ల సంగతి మాట్లాడదామని ఒక ఆఫీసులో మీటింగ్ పెట్టారు. పెద్దాఫీసరు బెంగళూరు నుంచి తెరమీద కనిపించారు. గోడంత టీవీ, దాని నెత్తిన మాట్లాడే మనిషి వైపు తిరిగే కెమెరా. మైకు మాత్రం ఒక్కటే, అదీ బల్లకు ఆ కొసన. మావాళ్ళను గోడవార కూర్చోబెట్టారు. డెబ్భై దాటిన పెద్దాయన లేచి తన గోడు చెప్పుకున్నాడు. అవతల ఆఫీసరుగారికి ఒక్క ముక్క వినపడలేదు. ఆ సంగతి ఇవతల ఎవరూ కనుక్కోలేదు. "నెక్స్ట్" అన్నారు. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. నాకు కడుపు రగిలిపోయింది.

మా రోజుల్లో, కోలారు బంగారు గనుల్లోని ఛాంపియన్ రీఫ్‌లో, ఇలా జరగనిచ్చేవాళ్ళం కాదు. గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. అంత లోతుకు మనుషుల్ని దింపే కేజ్ ఒక్కదానిలోనే దిగలేం, మధ్యలో షాఫ్ట్ మారాలి. కింద గంట కొట్టేవాడికీ ఇంజను దగ్గర కూర్చున్న డ్రైవరుకూ ఒకరి ముఖం ఒకరికి కనపడదు. ఉన్నదల్లా గంట. కేజ్ కదులుతుండగా ఒక్కటి పడితే ఆపెయ్యాలి. మూడు కొడితే మనుషులు ఎక్కబోతున్నారని. డ్రైవరు తిరిగి మూడు కొట్టేదాకా ఒక్కడు కూడా లోపల కాలు పెట్టకూడదు. విన్నానని అవతలివాడు చెబితేనే చెప్పినట్టు లెక్క. ఎంత తొందర ఉన్నా, ఎంత పెద్ద దొర నిలబడి ఉన్నా అంతే. అది ప్రాణాలతో పని.

కొత్త యంత్రాలంటే నాకు గిట్టదని అనుకోవద్దు. ఊళ్ళు చాలావాటికి దీపం లేని కాలంలోనే, 1902లో, శివసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్లు తీగ లాగి మా గనులకు కరెంటు తెచ్చారు. రాయి పగిలి విరుచుకుపడడాన్ని మేం ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్ళం. అది జరిగితే పైన ఇళ్ళు కూడా అదిరేవి. ఆ పగుళ్ళు ఎక్కడ పుడుతున్నాయో పట్టడానికి రాతిలో జియోఫోన్లు పెట్టారు. రాయి మూలుగు వినడానికే అంత ఏర్పాటు చేసిన ఊరిది. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. ఆ గనిలో ఒళ్ళు అరగదీసుకున్న మనిషి గొంతు వినడానికి ఇప్పుడు ఒక మంచి మైకు కరువైంది!

డబ్బంతా చూపుకే పెడుతున్నారు, అదీ నా బాధ. తెర మసకబారినా మీటింగ్ సాగుతుంది. మాట పోతే ఏముంటుంది? మైకుకు దూరం జరిగేకొద్దీ గొంతు సన్నబడుతుంది, ఫ్యాన్ల రొద పైకొస్తుంది. పొడుగు బల్లకు ఒక్కటి ఏ మూలకు? నాలుగైదు పెట్టాలి, లేదా గది మొత్తం అందుకునేది పైకప్పుకు బిగించాలి. స్పీకరు మాట మళ్ళీ మైకులో పడి ప్రతిధ్వని రాకుండా తీసేసే తెలివి ఇప్పటి పెట్టెలకు ఉంది, నిజమే. కానీ కింద గ్రానైటు, చుట్టూ అద్దాలు పెట్టి గది కడితే మాట గోడలకు కొట్టుకుని ముద్దయిపోతుంది. మందపాటి కర్టెన్లు వేలాడదీయండి, కింద జంపఖానా పరవండి. టీవీ ఒక సైజు తగ్గిస్తే ఆ డబ్బులు వస్తాయి.

ఇంకో సంగతి. మీట నొక్కి మైకు మూసే అధికారం ఇవాళ అవతలి ఆఫీసులో ఎవరో కుర్రాడి చేతిలో ఉంటోంది. మూస్తే మూశామని ఇవతలివాళ్ళకు చెప్పాలి. మాట్లాడినవాడు కూర్చోకముందే, అతను ఏం అడిగాడో ఆఫీసరు ఒకసారి తిరిగి చెప్పాలి. మావాళ్ళలో తెలుగు ఒకటే వచ్చినవాళ్ళున్నారు, తమిళం ఒకటే వచ్చినవాళ్ళున్నారు. రెండూ తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టండి. ఈసారి మీటింగ్‌కు ఆ పెద్దాయన కుర్చీ మైకు ముందు వెయ్యండి. క్వార్టరు గురించి ఆయన అడిగిందానికి జవాబు ఇంకా రాలేదు.