జట్లే తప్పాయి!

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఏటా ఏప్రిల్‌లో డ్రాఫ్ట్. 32 జట్లు, 7 రౌండ్లు. కాలేజీ ఫుట్‌బాల్ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం. ఎవరు ఎవరిని ఎంచుకుంటారో ముందే చెప్పే విద్యకు మాక్ డ్రాఫ్ట్ అని పేరు.

పంచాంగం ఏడాదికి ఒకటే. ఈ పండితులు మాత్రం వారానికొకటి అచ్చేస్తారు. దేనికదే ఖాయం!

శాస్త్రం మహా పకడ్బందీ. కుర్రాళ్ల అరచెయ్యి కొలుస్తారు. 40 గజాలు పరుగెత్తించి సెకనులో నూరో వంతు దాకా లెక్కగడతారు. 2000లో టామ్ బ్రేడీ అనే కుర్రాడికి 5.28 సెకన్లు పట్టింది. జాతకం తేలిపోయింది: ఆరో రౌండు, 199వ పేరు. ఆయన లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను ఏడుసార్లు గెలవడం తర్వాత జరిగిన అచ్చుతప్పు.

డ్రాఫ్ట్‌లో ఆఖరివాడికి 'మిస్టర్ ఇర్రెలెవెంట్' అని బిరుదు. అంటే ఉన్నా లేనట్టే. 2022లో అది 262వ వాడైన బ్రాక్ పర్డీకి దక్కింది. రెండో ఏడాదికే ఆ లేనట్టున్నవాడు శాన్‌ఫ్రాన్సిస్కో జట్టును సూపర్ బౌల్ దాకా లాక్కెళ్లాడు.

2025లో, బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ షెడ్యూర్ శాండర్స్‌ది తొలి రౌండేనని చాలామంది జోస్యం. గురువారం ఆ రౌండులో పిలుపు రాలేదు. శుక్రవారమూ రాలేదు. ఆ రోజు క్లీవ్‌లాండ్ జట్టు క్వార్టర్‌బ్యాక్‌నైతే తీసుకుంది, ఇంకొకణ్ని! శనివారం ఐదో రౌండులో, 144వ పేరుగా, అదే క్లీవ్‌లాండ్ శాండర్స్‌నూ పిలిచింది.

జోస్యం తప్పలేదు, జట్లే తప్పాయి. 2026 జాబితాలు వెంటనే వెలువడ్డాయి.