డై సెట్టు బాబాయి

అక్వేరియం పెట్టుకున్నవాళ్లలో రెండు జాతులు. మొదటి జాతివాళ్లు చేపల్ని చూస్తారు. రెండో జాతివాళ్లు ట్యాంకు కింద స్టాండు తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, టార్చిలైటు వేసి మరీ పైపుల్ని చూస్తారు. బాబాయి రెండో జాతి. ఇంటికొచ్చినవాళ్లకి ఆస్కార్ చేప ఎంత పెరిగిందో చూపించరు. రిటర్న్ లైనులో యూనియన్ ఎక్కడ వేశారో చూపిస్తారు.

హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటుకి వెళ్లినా ఇలాంటి బాబాయి ఒకరు తగులుతారు. ఏ బ్యాంకులోనో చేసి రిటైరై ఉంటారు. హాల్లో నాలుగడుగుల ట్యాంకు, దాని కింద సంప్. పై నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి సంప్‌లోకి దిగాలి, అక్కడ ఫిల్టరయ్యాక పంపు వాటిని మళ్లీ పైకి తోయాలి. వ్యవహారం ఇంతే. రెండు ట్యాంక్ నిపుల్స్, నాలుగు ఎల్బోలు, ఒక బాల్ వాల్వు, కాస్త సొల్యూషన్ ఉంటే సాయంత్రానికి పని అయిపోతుంది. థ్రెడ్ కావాల్సిన చోట ఎంటీఏ అని చిన్న ముక్క దొరుకుతుంది. ఒక వైపు పైపుకి అతికించుకోవచ్చు, రెండో వైపు ఫ్యాక్టరీలోనే అచ్చుపోసిన థ్రెడ్. అర అంగుళందైతే ప్లేటు ఇడ్లీకయ్యేంత ఖర్చు కూడా కాదు.

బాబాయికి ఆ ముక్కంటే గిట్టదు. “పైపుకే థ్రెడ్ కొట్టుకుంటే మధ్యలో ఇదెందుకురా?” అంటారు. అది మిగల్చడానికి రాణిగంజ్ వెళ్లి డై సెట్టు కొనుక్కొచ్చారు. రాట్చెట్ హ్యాండిలు, అర, ముప్పావు, అంగుళం డైలు, అన్నిటికీ కలిపి ఒక ఇనప పెట్టె. ఆ డబ్బుకి ఎన్ని ఎంటీఏలు వచ్చేవో పిన్ని వేళ్ల మీద లెక్కేసి చెప్పింది. ఆయన వినలేదు. పెళ్లయిన కొత్తలో, బాగా పాడుతున్న రేడియోని విప్పినప్పుడే ఆవిడకి ఈ సంగతి అర్థమైంది.

మొదటి ప్రయోగం పొలాలకి వాడే పలచటి పైపు మీద జరిగింది. షాపువాడు అర అంగుళమనే ఇచ్చాడు. దాని బయటి కొలత 20 మిల్లీమీటర్లు. అర అంగుళం థ్రెడ్‌కేమో 21 దాకా ఉండాలి. (అసలు అర అంగుళం పైపులో అర అంగుళం ఎక్కడుందో స్కేలు పెట్టి వెతికినా దొరకదు.) డై తిరిగింది, తెల్లటి పొట్టూ రాలింది, కానీ థ్రెడ్ కొనలు మొండిగా మిగిలాయి. ఆ రాత్రి బాబాయికి నిద్ర పట్టలేదు.

తెల్లారేసరికి పైపుల పట్టికలన్నీ కంఠతా వచ్చేశాయి. షెడ్యూల్ 40 అర అంగుళం పైపు గోడ మందం 2.77 మిల్లీమీటర్లు. థ్రెడ్ లోతు 1.16. అంటే మిగిలేది 1.6. అందుకే థ్రెడ్ కొట్టేదేదో 3.73 మందమున్న షెడ్యూల్ 80కే కొట్టాలంటారు. కొట్టాక కూడా దాని ఒత్తిడి సామర్థ్యాన్ని సగానికి తగ్గించి లెక్కవేసుకోవాలి. బాబాయి ఆ పట్టికని లామినేషన్ చేయించి పెట్టుకున్నారు. ఆయన లైనులో నీటి ఎత్తు సంప్ నుంచి కొలిచినా అయిదడుగులు దాటదు. అంటే చదరపు సెంటీమీటరుకి 150 గ్రాముల ఒత్తిడి. అయిదంతస్తుల మిద్దె మీది ట్యాంకు కింది కుళాయి మీద చూపించే ఒత్తిడిలో ఇది పదో వంతు. ఈ లెక్క మాత్రం ఆయన లామినేషన్ చేయించలేదు.

పని చేసేటప్పుడు మాత్రం బాబాయిని చూసితీరాలి. హ్యాక్సాతో పైపుని అడ్డంగా, వంకర లేకుండా కోస్తారు. లోపలి గరుకుని ఆకురాయితో తీసి, బయటి అంచుని కాస్త ఏటవాలు చేస్తారు. బాల్కనీలో వైస్‌కి పాత పంచె ముక్క చుట్టి పైపు బిగిస్తారు. నొక్కుకుపోకుండా పైపు లోపల చెక్క బిరడా దిగ్గొడతారు. డై ఇనప పైపు మొహం చూసిందై ఉండకూడదు, అంచు మొద్దుబారితే ప్లాస్టిక్‌ని కోయదు, చీలుస్తుంది. నూనె నిషిద్ధం, నీళ్లే పోస్తారు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. తెల్లటి పొట్టు ఉంగరాలుగా తిరిగి రాలుతుంది. ఏడెనిమిది చుట్లు పడ్డాక డై తీసి, థ్రెడ్‌ని గోటితో మీటి చూసుకుంటారు. మనవడు పుట్టినప్పుడు కూడా ఆ మొహంలో అంత వెలుగు లేదని పిన్ని సాక్ష్యం.

ప్లంబరుతో మాత్రం ఆయనకి పొసగదు. “నార చుట్టి సఫేదా రాసేద్దాం సార్, చుక్క కారదు” అన్నాడతను. “అందులో సీసం ఉందో లేదో నువ్వు చెప్పగలవా? నీళ్లలో ఉండేవి చేపలయ్యా!” అన్నారు బాబాయి. ఈ విషయంలో న్యాయం బాబాయిదే. ఇత్తడి ముక్కలు వద్దనడమూ సబబే, రాగి కలిస్తే రొయ్య పిల్లలు బతకవు. టెఫ్లాన్ టేపు థ్రెడ్ తిరిగే దిక్కునే చుట్టి, చేత్తో బిగించి, ఆపైన ఒకటి రెండు చుట్లు తిప్పితే చాలని చెబుతూనే ఉన్నారు. ప్లంబరు పైపు రెంచి వేసి బలం చూపించాడు. వాలుగా సాగే థ్రెడ్ మేకులా దిగబడి ప్లాస్టిక్ కప్లింగు నిలువునా పగిలింది.

డాలస్ నుంచి వచ్చిన బావమరిది ముచ్చటపడి అమెరికా ట్యాంక్ ఫిటింగులు తెచ్చాడు. మన బీఎస్‌పీ థ్రెడ్ కోణం 55 డిగ్రీలు, ఇంగ్లండులో విట్‌వర్త్ 1841లో ఖాయం చేసిన లెక్క. వాళ్ల ఎన్‌పీటీది 60. అర, ముప్పావు సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 థ్రెడ్లే కాబట్టి మొదట నమ్మకంగా ఎక్కుతుంది. అంగుళం సైజుకొచ్చేసరికి మనవి 11, వాళ్లవి పదకొండున్నర. బాబాయి బిగించి చూసి పిన్నితో అన్నారు: “అచ్చం మీ తమ్ముడే. మూడు చుట్లు బాగానే కలుస్తాడు, తర్వాత బిగుసుకుపోతాడు.”

చివరికి లైను పూర్తయింది. ఒకరోజు అర్ధరాత్రి కరెంటు పోయింది. పంపు ఆగగానే రిటర్న్ పైపులోంచి నీళ్లు సైఫనై వెనక్కి దిగడం మొదలెట్టాయి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ట్యాంకులో మట్టం ఒక్క అంగుళం దిగితే 14 లీటర్లు. పైపు మూతి నాలుగంగుళాల లోతున ఉంది. అంటే 56 లీటర్లు. సంప్‌లో అందులో సగానికి కూడా చోటు లేదు. మిగతాది హాల్లోకి, అక్కణ్నుంచి కింది ఫ్లాటువాళ్ల సీలింగులోకి.

బాబాయి తడిసిన కార్పెట్టు మీద నిలబడి, టార్చిలైటు వేసి, టిష్యూ కాగితంతో ప్రతి థ్రెడ్‌నీ ఒత్తి చూశారు. “చూశావా? జాయింటు దగ్గర ఒక్క చుక్క లేదు!” అని పిన్నిని పిలిచారు. పిన్ని బకెట్టు అందించింది.

మీ ఇంట్లోనూ సంప్ ఉంటే ఇవాళే ఒకసారి పంపు స్విచ్చి ఆపి చూడండి. పొర్లేలా ఉంటే రిటర్న్ పైపుకి నీటిమట్టానికి కాస్త కిందగా ఓ చిన్న చిల్లు పెట్టండి, గాలి చొరబడి సైఫన్ అక్కడే తెగుతుంది. ఆ చిల్లులో పాచి పేరుకోకుండా అప్పుడప్పుడూ పుల్లతో పొడుస్తూ ఉండండి. దీనికి డై సెట్టు అక్కర్లేదు.