మీటరు స్కేలు ఆత్మకథ

ఇక్కడ తన జీవితాన్ని తానే వివరిస్తున్న వస్తువు మీటరు పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు, దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు స్కేలు; కొలత కోసం పుట్టిన వస్తువు తన గురించి కూడా కొలతకు నిలిచే మాటలే చెప్పాలన్న పట్టింపుతో, ఈ కథనంలో అది తనను తాను బయటి నుంచి చూసుకుంటూ ‘స్కేలు’ అనే వ్యవహరించుకుంటుంది. దాని ఒక కొసన, 1000 అంకెకు అవతల, గోడకు తగిలించుకోవడానికి చేసిన చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది. వర్క్‌షాపులో ఉన్నంత కాలం ఆ రంధ్రానికి మేకుతో తప్ప వేరే పని పడలేదు. గోల్ఫ్ బంతి వచ్చి అందులో కుదురుకున్న తరువాతే స్కేలు రెండో జీవితం మొదలైంది.

మొదటి జీవితం భిలాయి ఉక్కు కర్మాగారంలో గడిచింది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు దుర్గ్ పక్కన వెలసి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన ఈ కర్మాగారం దల్లీ రాజహరా గనుల ఖనిజం నుంచి ఉక్కు తీసి దేశానికి రైలు పట్టాలు అందిస్తోంది. నిర్మాణ కాలం నుంచే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు ఎందరో వచ్చి ఇక్కడి సెక్టార్లలో స్థిరపడ్డారు. అటువంటి కుటుంబంలో పుట్టి ప్లాంటులోనే ఫిట్టరుగా చేరిన వ్యక్తి సుపేలా బజారులో సొంత డబ్బు పెట్టి ఈ స్కేలును కొన్నారు. స్టోరు నుంచి వచ్చే పనిముట్లు పది చేతులు మారినా, కొలబద్ద మాత్రం ఒకే చేతిలో ఉండాలన్నది ఆయన అభిప్రాయం.

పట్టాల తయారీలో తిన్నదనం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. ఇక్కడి యూనివర్సల్ రైల్ మిల్లులో ఏకఖండంగా తయారయ్యే 130 మీటర్ల పట్టా ఒక్క డిగ్రీ వేడి పెరిగితే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది. అంత పొడవున ఎక్కడ చిన్న వంపు ఉన్నా దాని మీద పరుగెత్తే చక్రం ఆ సంగతి చెప్పేస్తుంది. పట్టా తిన్నదనాన్ని చూడటానికి స్ట్రెయిట్ ఎడ్జ్ అనే మందపాటి ఉక్కు బద్దను దాని అంచుకు ఆనించి, రెండింటి మధ్య నుంచి వెలుతురు దూరుతోందా అని గమనిస్తారు. పలుచని స్కేలు ఆ పనికి చాలదు. చేయి కాస్త గట్టిగా నొక్కితే స్కేలు తానే వంగి పట్టా వంపుకు అతుక్కుపోతుంది, సందు మాయమై తప్పు ఒప్పులా కనిపిస్తుంది. బలం పెరిగిన కొద్దీ కొలత చెడుతుందన్న ఈ పాఠం ఫిట్టరు వేళ్ళకు ఉద్యోగంలోనే అబ్బింది. స్కేలు దృష్టిలో ఆయన పటింగ్ విద్యకు పునాది అక్కడే పడింది.

పటింగ్ అంటే గోల్ఫ్‌లో గ్రీన్ మీద, అనగా రంధ్రం చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి మీద, బంతిని గాలిలోకి లేపకుండా దొర్లించి రంధ్రంలో వేయడం. అందుకు వాడే క్లబ్బును పటర్ అంటారు. ఉద్యోగ విరమణ తరువాత విశాఖపట్నంలో ఉన్న కూతురు ఇంటికి వెళ్ళినప్పుడు అల్లుడి వెంట ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు చూసిన ఫిట్టరు, ఆటంతటిలోనూ ఈ ఒక్క భాగానికే ఆకర్షితులయ్యారు. తిరిగి వచ్చాక ఇంటి ముందుగదిలో తివాచీ పరిచి, రసమట్టం పెట్టి నేల వాలు చూసి, వాలు లేని చోట స్కేలును పడుకోబెట్టారు. బంతిని మేకు రంధ్రం మీద ఉంచితే అది కదలకుండా నిలుస్తుంది. కొట్టినప్పుడు 1000 నుంచి 0 వైపు, నల్లరంగు నింపిన గీతల మీదుగా, అంకెలు తగ్గుతున్న దిశలో పరుగు తీస్తుంది. కొలిచే వారెవరూ స్కేలును ఆ దిశలో చదవరు. బంతి వల్ల అది తనను తాను వెనక నుంచి చదువుకోవడం నేర్చుకుంది.

ఈ సాధన విలువ దాని లెక్కలో ఉంది. బంతి స్కేలు మధ్యగీత మీద బయలుదేరి మీటరు దూరం జారిపోకుండా వెళ్ళాలంటే పక్కకు 15 మిల్లీమీటర్లకు మించి తొలగకూడదు. కోణంగా చెబితే అది ఒక డిగ్రీ కంటే తక్కువ, సుమారు 0.86 డిగ్రీలు. గోల్ఫ్ రంధ్రం వ్యాసం 108 మిల్లీమీటర్లు. ఇంగ్లండ్, స్కాట్లండ్ క్లబ్బులు రకరకాలుగా తవ్వుకుంటున్న కాలంలో, 1891లో, సెంట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు ఈ కొలతను స్థిరపరచింది. రంధ్రం మధ్య నుంచి అంచుకు 54 మిల్లీమీటర్లు కనుక, స్కేలు చివరి వరకు నిలిచిన బంతి అదే దిశలో సాగితే సుమారు 3.6 మీటర్ల వరకు రంధ్రాన్ని తప్పిపోదు. సమతలం మీద పన్నెండు అడుగుల పట్ తిన్నగా బయలుదేరిందో లేదో చెప్పడానికి మైదానం అక్కరలేదు, ఒక మీటరు ఉక్కు చాలునన్నమాట.

బంతి స్కేలు మీద నుంచి ఎందుకు పడిపోతుంది అన్న ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు చేతి ఊపు వంకరగా ఉందని. ఆ జవాబులో నిజం కొంతే ఉంది. నార్వేకు చెందిన యాన్ కార్ల్‌సెన్, సహచరులతో కలిసి మేటి ఆటగాళ్ళ స్ట్రోకులను కొలిచి 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బంతి బయలుదేరే దిశలోని తేడాలకు 80 శాతం కారణం తాకే క్షణంలో పటర్ ముఖం ఎటు చూస్తోందన్నదే. ఊపు దారి వాటా 17 శాతం, ముఖం మీద బంతి తగిలిన చోటు వాటా 3 శాతం మాత్రమే. పైగా పటర్ కడ్డీ నిట్టనిలువు నుంచి కనీసం 10 డిగ్రీలు వాలి ఉండాలని నిబంధన ఉన్నందున, దాని తల సహజంగానే స్వల్పమైన వంపులో కదులుతుంది. స్కేలు తిన్నగా ఉంది కదా అని పటర్‌ను దాని అంచు వెంట తిన్నగా ఈడ్చే ప్రయత్నం అందువల్ల అనవసరం. బంతిని తాకే చోట ముఖం గీతకు లంబంగా ఉంటే చాలు. పొడవైన తిన్నని వస్తువు ఈ మాట చెప్పడం విచిత్రంగా తోచవచ్చు గాని, స్కేలు దీన్ని గట్టిగా నమ్ముతుంది.

ముఖాన్ని అదుపులో ఉంచేది పట్టు. అన్ని క్లబ్బుల్లోనూ పటర్ పిడికి మాత్రమే ఒకవైపు చదునుగా ఉండే అనుమతి ఉంది. రెండు బొటనవేళ్ళను ఆ చదును మీద కిందికి చాచి ఉంచితే అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా వచ్చి, ఏ చేయీ మరొకదాన్ని మించకుండా ఉంటుంది. కుడిచేతి ఆటగాడు ఎడమ చూపుడువేలిని కుడిచేతి వేళ్ళ మీదుగా పడుకోబెట్టే పద్ధతిని రివర్స్ ఓవర్‌ల్యాప్ అంటారు. ఎడమ మణికట్టు మడత పడకుండా ఆ వేలు ఆపుతుంది. ఎడమచేతిని కుడిచేతికి కిందుగా పెట్టేవారూ ఉన్నారు, వారి ఉద్దేశమూ అదే. వేసవి సెలవులకు వచ్చిన మనవరాలు స్కేలు పక్కన బోర్లా పడుకుని, “తాతయ్యా, మళ్ళీ ఎడమపక్కకే పడింది” అని చెప్పినప్పుడు, “చివర్లో మణికట్టు తిరిగిందమ్మా, గట్టిగా పట్టుకున్నాను” అని ఆయన ఇచ్చిన సమాధానంలో పటింగ్ గ్రంథాలలోని ఒక అధ్యాయం ఇమిడి ఉంది. బిగించిన ముంజేతిలో కండరాలు ఒకదానితో ఒకటి పోటీపడతాయి, పటర్ ముఖం ఎటో ఒకవైపు తిరుగుతుంది. నొక్కిన స్కేలు అబద్ధం చెప్పడానికీ, బిగించిన పటర్ పక్కకు తిరగడానికీ మూలం ఒక్కటే.

నిలుచునే తీరు గురించి స్కేలు కింది నుంచి చూసినంత మేరకు చెప్పగలదు. నూనెగుడ్డతో తుడిచిన రోజున దాని మీద ఆయన కళ్ళ నీడ మసకగా పడుతుంది. ఆ నీడ మధ్యగీత మీదగాని, పాదాల వైపు కొద్దిగా లోపలగాని ఉంటే చూపు గీత వెంట సాగుతుంది, గీత దాటి అవతలికి పోతే గురి తప్పు దిశలో కుదురుతుంది. పాదాలు భుజాల వెడల్పున, బంతి వాటి నడిమికి కాస్త ముందుగా, ముంజేతులు పటర్ కడ్డీతో ఒకే వరుసలో ఉండటం మంచిది. బంతిని ముందుకు జరపడానికి కారణం పటర్ ముఖానికి ఉండే మూడు నాలుగు డిగ్రీల వాలు. గడ్డిలో కూరుకున్న బంతిని ఆ వాలు మొదట లేశమంత ఎత్తి, ఆపైన దొర్లనిస్తుంది.

స్ట్రోకులో మణికట్లు నిశ్చలంగా ఉండి భుజాలు ఉయ్యాల తొట్టిలా ఊగాలి. వెనక్కి తీసే సమయం, ముందుకు వచ్చి బంతిని తాకే సమయానికి సుమారు రెండింతలు ఉండటం నిలకడగల ఆటగాళ్ళలో కనిపించే లయ. దూరం పెంచాలంటే లయ మార్చక ఊపు పొడవే పెంచాలి. తాకిన వెంటనే బంతి దొర్లదు, జారుతుంది. రాపిడి దాన్ని తిప్పుకునే లోపు వేగం తగ్గి, తిరుగుడు ఏమీ లేకుండా బయలుదేరిన బంతి పూర్తిగా దొర్లడం మొదలుపెట్టే వేళకు తొలి వేగంలో ఏడింట ఐదు వంతులే మిగులుతుంది. నున్నని ఉక్కు మీద ఈ జారుడు గడ్డి మీద కంటే ఎక్కువ దూరం సాగుతుంది. అందుకే దిశ విషయంలో స్కేలు మాట నమ్మదగినదే కాని, వేగం విషయంలో కాదు.

ఆ వేగమే రంధ్రం ఎంత పెద్దదో నిర్ణయిస్తుంది. బంతి సరిగ్గా రంధ్రం మధ్యకు వచ్చినా సెకనుకు 1.63 మీటర్లు మించితే పడకుండా దాటిపోతుందని భౌతిక శాస్త్రవేత్త బ్రయాన్ హోమ్స్ 1991లో లెక్కగట్టారు. అంచు వైపు వచ్చే బంతికి ఆ హద్దు ఇంకా తక్కువ. పైన చెప్పిన 3.6 మీటర్ల లెక్క కూడా రంధ్రం దగ్గరకు నెమ్మదిగా చేరే బంతికే వర్తిస్తుంది. గడ్డి వేగాన్ని కొలవడానికి స్కేలుకు అమెరికాలో ఒక దాయాది ఉంది. 1935లో ఓక్‌మాంట్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో గ్రీన్‌ల మితిమీరిన వేగాన్ని చూసిన ఎడ్వర్డ్ స్టింప్సన్ దాన్ని రూపొందించగా, అమెరికా గోల్ఫ్ సంఘం తరువాత అల్యూమినియంతో చేయించి 1978 నుంచి మైదానాలకు అందించింది. 36 అంగుళాల ఆ గాడి బద్దను ఒకవైపు మెల్లగా ఎత్తితే సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి గంటు నుంచి విడివడి దొర్లుతుంది. అది ఎన్ని అడుగులు పోయి ఆగితే గ్రీన్ వేగం అంత.

దుర్గ్ నుంచి విశాఖకు 2024 సెప్టెంబరులో వందే భారత్ రైలు మొదలైన తరువాత స్కేలు కూడా గోల్ఫ్ సంచిలో సముద్రతీరం చూసింది. వేడి ప్రాంతాలలో పెంచే బెర్ముడా జాతి గడ్డి ఒకవైపు వాలి పెరుగుతుంది, ఆ వాలును గ్రెయిన్ అంటారు. గడ్డి మెరుస్తూ కనిపించే దిశలో బంతి వేగంగా, ముదురుగా కనిపించే దిశలో మందంగా పోతుంది. ఆటలో గురి చూపే వస్తువును నేల మీద పెట్టి కొట్టడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి, సాధనకు కేటాయించిన గ్రీన్ మీద మాత్రమే స్కేలుకు పని ఉంటుంది.

ప్రస్తుతం ఫిట్టరు స్కేలును బంతి కింద కాక, బంతి వెనక పక్కగా పరిచి, పటర్ 200, 300, 400 మిల్లీమీటర్లు వెనక్కి వెళితే బంతి ఎంత దూరం పోతుందో పుస్తకంలో రాసుకుంటున్నారు. తివాచీకి ఒక వరుస, గ్రెయిన్ వెంట ఒక వరుస, గ్రెయిన్‌కు ఎదురుగా ఒక వరుస గీశారు. మొదటి రెండూ నిండాయి, మూడోదానిలో 400కు ఎదురుగా ఉన్న గడిని నింపడానికి మళ్ళీ విశాఖ వెళ్ళవలసి ఉంది.